కిటికీ పక్క సీటు

అక్క ఇంటి ముందుగది. అక్క చేతిలో ఫోను, తెర మీద ఏముందో పైకి చదివి చెప్పేది. పక్క కుర్చీలో తమ్ముడు.

“మళ్ళీ అదే అంటోంది. విను.”

“బొమ్మ. బొమ్మ. బొమ్మ. బొమ్మ.”

“చాల్లే అక్కా, ఆపు దాన్ని.”

“బస్సు దొరికింది, తేదీ దొరికింది, టైము దొరికింది. సీట్ల దగ్గరికి వచ్చేసరికి దీనికి పూనకం. ఎక్కడ వేలు పెట్టినా బొమ్మే! ఏ సీటు ఖాళీయో, ఏది కిటికీ పక్కనో ఒక్క ముక్క చెప్పదు.”

“కిటికీ పక్కనా?”

“ఏం, చూపు లేనిదానికి కిటికీ ఎందుకనా? గాలి తగులుతుందిరా మొద్దూ.”

“నేనేం అనలేదుగా... ఇలా ఇవ్వు, ఒక్క నిమిషంలో టికెట్టు తీసేస్తా.”

“వద్దు.”

“అది కాదక్కా...”

“వద్దన్నానా. మీ బావా ఇదే అన్నారు. చూపు పోయినప్పట్నుంచీ అందరూ నా చేతిలోది లాక్కునేవాళ్ళే. సొంతంగా టికెట్టు తీసుకుని, సొంతంగా బస్సెక్కి బడికి వెళ్తానని పంతం పట్టాను. ఆ పంతమూ ఇక్కడితో అయిపోయింది.”

“అయిపోయిందేంటి? సోమవారమేగా మళ్ళీ డ్యూటీలో చేరాల్సింది?”

“చేరను.”

“ఏంటీ?”

“పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గారికి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పేస్తా. ఒక్క టికెట్టు తీసుకోలేనిదాన్ని, క్లాసు నిండా పిల్లల్ని ఏం కాస్తాను?”

“టికెట్టుకీ పాఠానికీ సంబంధమేంటి! ఆ సైటే సరిగ్గా లేదేమో.”

“అందరూ దాంట్లోనే కొంటున్నారుగా.”

“అందరూ అంటే... కళ్ళతో చూసి కొంటున్నారు.”

“చూపు లేనివాళ్ళకి ఫోను నేర్పే క్లాసులో నేనే ఫస్టు, తెలుసా? దీని దగ్గరికొచ్చేసరికి వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి. రోజూ ఇవే తంటాలు. నిన్న ఏడుపు కూడా వచ్చింది. నాలోనే ఏదో లోపం.”

“నీలో ఏ లోపమూ లేదు.”

“నీకెలా తెలుసు?”

“తెలుసంతే.”

“తెలుసంతే అంటే?”

“మంచినీళ్ళు తాగొస్తా.”

“కూర్చో. ఇందాకట్నుంచీ వింటున్నా, కుర్చీలో కుదురుగా లేవు.”

“ఆ సీట్లకి పేర్లు లేవక్కా. తెర మీద ఒక్కో సీటూ ఒక్కో చిన్న బొమ్మ. దాని వెనక ‘ఐదో నంబరు, కిటికీ పక్క, ఖాళీ’ అని రాసి పెట్టాలి. రాస్తేనే నీ ఫోను చదువుతుంది.”

“మరెందుకు రాయలేదు?”

“పేరు లేని బొమ్మలుంటే, తప్పులు పట్టే ప్రోగ్రాం ఒప్పుకోదు. మర్నాడే సైటు తెరవాలి. అందుకని సైటు చేసినవాడు అన్నింటికీ ఒకే మాట అతికించేశాడు, బొమ్మ అని. పేరంటూ ఏదో ఒకటి ఉంది కదా, ప్రోగ్రాం ఒప్పేసుకుంది. పచ్చ టిక్కు వచ్చింది. ఆఫీసులో చప్పట్లు కూడా కొట్టారు.”

“ఎవడు అతికించింది?”

“ఎవడో ఒకడు. వదిలెయ్యక్కా.”

“ఎవడ్రా?”

“నేనే. నేనే అక్కా. ఆపరేషనై, కళ్ళకి కట్టుతో నువ్వు పడుకుని ఉన్నావప్పుడు. నీ మంచం పక్కనే కూర్చుని అతికించాను. ఎవరికి అవసరంలే అనుకున్నా. నీ పక్కన కూర్చుని! తలుచుకుంటే సిగ్గేస్తోంది. తిట్టు, రెండు తగిలించు. ఇవాళే ఒక్కో సీటుకీ పేరు రాస్తా. నువ్వు మాత్రం హెడ్మిస్ట్రెస్ గారికి ఫోన్ చెయ్యకు. ఆ సైటు నేను చేసిందని నీకు తెలియదు కదా అని ఇందాకట్నుంచీ...”

“ఎందుకు తెలియదూ? అమ్మ అప్పుడే చెప్పింది.”

“తెలుసా? మరి సైటులోనే తప్పుందేమోనని ఒక్కసారైనా అనిపించలేదా?”

“మా తమ్ముడు చేసింది నాకు పనికిరాకుండా ఎలా ఉంటుంది, తప్పు నాదే అనుకున్నాన్రా.”