లాండ్రీ చీటీ ఉన్న కోటు

జపాన్‌లోని తొకుషిమాలో యూనివర్సిటీ వెనక కినుయో గారి ఉడాన్ నూడుల్స్ కొట్టు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక యూనివర్సిటీ లాబ్‌లో పరిశోధన చేసే మినెగిషి వచ్చి కూలబడింది. ఎద్దు కాలేయంలోంచి ఎంతో కష్టపడి తీసిన ప్రొటియజోములు, అంటే పీపాకి రెండు వైపులా మూతలున్నట్టుండే బుల్లి కణయంత్రాలు, పొద్దున చూస్తే విడిపోయి ఉన్నాయట. పీపాలు మిగిలాయి, మూతలు ఊడిపోయాయి. గిన్నెలో నూడుల్స్ నానిపోతున్నా పిల్ల ముట్టుకోలేదు. అదే లాబ్‌లో పనిచేసి రిటైరైన ఉకై గారు పక్క బల్ల దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"ఓస్, దానికేనా ఏడుపు! నేను తీస్తే ఎలా ఉండేవనుకున్నావు? మూతలు రెండు పక్కలా బిగిసి, నిగనిగలాడుతూ! కినుయో గారూ, మీకు తెలీదు కదా, కణంలో పాడైపోయిన ప్రొటీన్‌కి ఒక చీటీ కడతారు. ఆ చీటీ చూసి మూత తలుపు తీస్తుంది, లోపల కత్తులు దాన్ని తుక్కుతుక్కు చేస్తాయి. చీటీ లేకపోతే చక్రవర్తి వచ్చినా తలుపు తియ్యదు."

"మా ఇంట్లో మా మరిదికి కట్టాలి ఆ చీటీ," అంది కినుయో గారు, ఉల్లికాడలు తరుగుతూ.

"వినండి మరి! ఒకసారి నేను తీసిన సరుకు ఎంత చురుకంటే, గాజు గొట్టంలో కరకర చప్పుడు బయటికి వినిపించేది. వేసిన ప్రొటీన్ అంతా అయిపోయింది, ఇంకా ఆకలి. అప్పుడే మా ప్రొఫెసర్ ఉన్నికోటు వేసుకుని వచ్చాడు. ఉన్ని అంటే ఏంటి? ప్రొటీనేగా! పైగా కాలర్‌కి లాండ్రీ చీటీ ఊడదియ్యలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కోటు తినేసిందా?" మినెగిషి మొదటిసారి తలెత్తింది.

"కోటా? కోటు, ధర చీటీతో సహా కొత్త పట్టు టై, ధర అట్టముక్క అంటుకుని ఉన్న తోలు బూట్లు, అన్నీ! నూలు ప్రొటీన్ కాదు గనక బనీనూ డ్రాయరూ మిగిలి ఆ మహానుభావుడి పరువు దక్కింది. అక్కడితో ఆగిందా? కాలవలో పడి చేపల మార్కెట్‌కి పోయింది. అక్కడ ప్రతి చేపకీ ధర చీటీయే! ట్యూనాలు, పాములంత ఈల్ చేపలు, చివరికి రేవులో ఓడ దిగుతున్న తోలుపెట్టెలు, ఊరంతా గగ్గోలు!"

"ప్రొటియజోము సంగతేమో గానీ, మీ కోతలే పదునుగా ఉన్నాయి," అంది కినుయో గారు.

"మరి ఎలా ఆపారు?" అడిగింది మినెగిషి.

"ఎలా ఏముంది? అది పని చెయ్యడానికి ఏటీపీ కావాలి. మూత నిలబడాలన్నా ఆ ఇంధనమే. నేను సరఫరా ఆపేశాను. అంతే, మూతలు టపటపా ఊడిపడ్డాయి, పీపా నోరు మూసుకుంది. ఓడ బతికింది!"

మినెగిషి చాప్‌స్టిక్స్ అందుకోబోతూ ఆగిపోయింది.

"అయ్యో! చివర కడిగిన ద్రావణంలో నేను ఏటీపీ వెయ్యనే లేదు!" అని నుదురు కొట్టుకుంది. తర్వాత నవ్వింది. నానిన నూడుల్స్ గబగబా లాగించింది. రేపు మళ్ళీ కాలేయం తెచ్చుకోవచ్చు, మళ్ళీ మొదలుపెట్టొచ్చు, ఆ మాత్రానికి కడుపు మాడ్చుకోవడం ఎందుకు?

ఆ నవ్వు చూసి ఉకై గారు మరీ ఉబ్బిపోయాడు. "ఆ రోజు నా మెళ్ళో కూడా పేరు చీటీ వేళ్ళాడుతోంది తెలుసా? అయినా నా వంక చూడలేదు. ఎందుకంటావు? ఒక్క చీటీకి అది లొంగదమ్మాయ్! కనీసం నాలుగైనా గొలుసులా ఉంటేనే ముట్టుకుంటుంది."

మినెగిషి గిన్నె ఎత్తి పులుసు చివరి చుక్కదాకా తాగి, మూతి తుడుచుకుంది.

"ఔనా, గురువు గారూ? మరి ప్రొఫెసర్ గారి కోటుకి లాండ్రీ వాళ్ళు ఎన్ని కట్టారు?"