గిన్నెలో మిగిలేది

ల్యాబులో కొలిమి ఆరొందల డిగ్రీలు దాటింది. వైర్ల కంపెనీ యజమాని, అక్కడ సరుకు పరీక్షిస్తున్న తన అన్న కూతురి వెనక వచ్చి నిలబడ్డాడు.

“మంట అంటుకోని వైరేనని రాసిచ్చెయ్యమ్మా, లారీ బయట ఆగుంది.”

“ఎలా రాయను బాబాయ్? వైరు తొడుగు ముక్కని గిన్నెలో వేసి, కొలిమిలోని త్రాసు మీద పెట్టి కాలుస్తున్నా. మంటనాపే మందు కలిపుంటే మూడొందల దగ్గరే అందులోని నీరు ఆవిరై బరువు తగ్గాలి. తెర మీద బరువు చూపించే ఈ గీత అక్కడ వంగనే లేదు.”

“త్రాసు పాడైందేమో!”

“పాత సరుకు ముక్క పెడితే బాగానే వంగింది. ఇప్పుడు మీరు మందు బదులు కలిపింది సుద్ద.”

“నీకీ ఉద్యోగం ఇచ్చింది నేనని మర్చిపోకు.”

“ఆ వైరు వెళ్ళేది పిల్లల ఆసుపత్రికని మీరూ మర్చిపోకండి.”

“అయితే మిషను ఆపేస్తా.”

“ఆపండి. చల్లారాక మూత తీస్తే గిన్నెలో కాలకుండా మిగిలిన మీ సుద్ద తెల్లగా కూర్చునుంటుంది.”