స్వెటరుకి తగిలించిన తుపాను

అర్విడ్ టోలెఫ్సన్‌కి అబద్ధాలు చెప్పే అలవాటు లేదు. నిజాన్ని దాని మానాన దాన్ని ఉండనివ్వని అలవాటు మాత్రం ఉంది. విస్కాన్సిన్‌లో ఆ చిన్న ఊరి చీజ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. వింటే మాత్రం ఆ ఫ్యాక్టరీ తనే కట్టించినట్టు, చుట్టుపక్కల ఆవులన్నీ తన మొహం చూశాకే పాలు దించినట్టు ఉండేది. రిటైరై నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో ఆవుల సంఖ్య కూడా పెరిగింది.

ఆ శనివారం మధ్యాహ్నం మార్లిస్ కొట్లో, వెనకగదిలో పొడుగుబల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. మార్లిస్ ముందుగదిలో పాచికలూ ఆటలపెట్టెలూ అమ్ముతుంది, వెనకగదిలో రాక్షసుల్ని వదుల్తుంది. అక్కడ ఆడే ఆటలో కత్తులు తిప్పడమంతా నోటితోనే. ఒక్కొక్కరూ ఒక్కో వీరుడి వేషం కడతారు, మార్లిస్ నిలబెట్టిన అట్టతెర వెనక కూర్చుని కథ నడుపుతుంది. పోట్లాట వచ్చిందంటే అందరూ ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఎక్కువ పడ్డవాళ్ళు ముందు కొడతారు, తక్కువ పడ్డవాళ్ళు తర్వాత.

ఆ వరస చూసుకోవడం అర్విడ్ పని. పేర్లు రాసిన చెక్క బట్టలక్లిప్పుల్ని అట్టతెర పైఅంచుకి వరసగా తగిలించి, ఎవరి వంతైతే వాళ్ళ క్లిప్పు పైకి లేపుతూ పోతాడు. ఎవరైనా "ఇప్పుడు కొట్టను, ఆగుతాను, అదను చూసి దూకుతాను" అన్నారనుకోండి, ఆ క్లిప్పు తెరమీంచి తీసి తన స్వెటరుకి పెట్టుకుంటాడు. వాళ్ళు దూకినప్పుడు తీసి మళ్ళీ తెరకి పెడతాడు. ఆ స్వెటరు ఆటకి మాత్రమే. బూడిదరంగు ఉన్ని, లోపల అస్తరు, రెండు పెద్ద జేబులు. మిగతా వారమంతా కొట్లోనే మేకుకి వేలాడుతుంది. ఎన్నడూ ఉతకలేదు. ఉతికితే పాచికల్లో అదృష్టం పోతుందని అతని నమ్మకం. ఆ నమ్మకం ఎంత పాతదో గదిలో అడుగుపెట్టగానే ముక్కుకి తెలిసిపోతుంది.

ఆట మధ్యలో బల్లచుట్టూ ఉన్నవాళ్ళంతా పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇప్పుడెవరు, అర్విడ్?" ఫ్యాక్టరీలో అన్నేళ్ళున్నా అతన్నెవరూ ఏమీ అడగలేదు. ఇంట్లో అడగడానికి పిల్లి తప్ప ఎవరూ లేరు, పిల్లికి తన వంతెప్పుడో బాగా తెలుసు.

ఆ ప్రశ్నకే ఇవాళ ముప్పు వచ్చింది. వచ్చే శనివారం మూడు ఊళ్ళవాళ్ళు కలిసి పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆడే పెద్ద ఆట ఉంది. ఇరవై ఇద్దరు మనుషులు, వాళ్ళకి సరిపడా రాక్షసులు. వరస క్లిప్పులతో చూడాలా, కర్టిస్ తెచ్చిన ట్యాబ్‌తో చూడాలా అన్నది ఇవాళే తేల్చేస్తానంది మార్లిస్.

"నంబర్లు కొడితే చాలు, అదే వరస పెట్టుకుంటుంది," అన్నాడు కర్టిస్. ఊరి గ్యారేజీలో మెకానిక్కు, ఈ బల్ల దగ్గరికి వచ్చి ఏడాదయింది. "ఎవరి వంతొస్తే వాళ్ళ పేరు వెలుగుతుంది. పెద్దాయనకీ కాస్త విశ్రాంతి."

విశ్రాంతి అనే మాట అర్విడ్‌కి గుండెలో గుచ్చుకుంది. నాలుగేళ్ళుగా అతను చేస్తున్నది అదే.

"పోయిన శనివారం నాకు వంతు రాలేదు," అంది జోలీన్, చీజ్ ముక్క నములుతూ. ఆమె బడిబస్సు నడుపుతుంది. వారానికి అయిదురోజులు నలభైమంది పిల్లల అరుపులు వింటుంది కాబట్టి శనివారం తను పెద్దగా మాట్లాడదు.

"నీకే లెక్క తప్పి ఉంటుంది," అన్నాడు అర్విడ్.

"మానేసే ముందు ఫ్లాయిడ్ కూడా ఇదే అన్నాడు," అంది మార్లిస్.

"ఫ్లాయిడ్‌కి ఓపిక లేదు. ఆట మధ్యలో పాచికలు జేబులో వేసుకుని లేచి వెళ్ళిపోయినవాడి సంగతి ఎందుకిప్పుడు? శనివారాలు బంతి దొర్లించి కర్రపిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆడుకుంటున్నాడు, సుఖంగా ఉన్నాడు." అర్విడ్ కాఫీ గ్లాసు పక్కకి జరిపాడు. అతను గ్లాసు జరిపాడంటే కథ వస్తోందని ఆ గదిలో గోడలకి కూడా తెలుసు. "వరస చూడ్డమంటే ఏమిటో మీకు తెలీదు. చెప్తా వినండి. ఎనభై ఏడు చలికాలం. లూథరన్ చర్చి నేలమాళిగలో ఆడుతున్నాం. ఎనిమిదిమంది మనుషులు, పద్నాలుగుమంది మరుగుజ్జు రాక్షసులు. సరిగ్గా మూడో చుట్టులో కరెంటు పోయింది. ట్యాబ్ అయితే ఏం చేసేది?"

"దానికి బ్యాటరీ ఉంటుంది," అన్నాడు కర్టిస్.

"ఎనభై ఏడులో ఉండేది కాదు. నేనేం చేశానో తెలుసా? చీకట్లో వేళ్ళతో తడిమి ఇరవై రెండు క్లిప్పులూ నడిపాను. ఒక్కో క్లిప్పు స్ప్రింగు ఒక్కోలా కిర్రుమంటుంది, వినే చెవి ఉండాలంతే. ఒక్కరి వంతు తప్పలేదు."

ఇక్కడిదాకా చాలావరకు నిజమే. కరెంటు పోయింది. నాలుగు నిమిషాలు. ఎవరో టార్చిలైటు పట్టుకున్నారు. ఇక్కడ ఆగిపోదామనే అనుకున్నాడు అర్విడ్. కానీ కర్టిస్ తలొంచుకుని ట్యాబ్ మీద ఏదో గీకుతున్నాడు, మార్లిస్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అతని నోరు అతనికోసం ఆగలేదు.

"ఇంతలో బయట తుపాను. మంచు కిటికీలు దాటి కప్పు దాకా వచ్చేసింది, హైవే మూసేశారు, లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, నలభై ఒక్కమంది డ్రైవర్లు చలికి వణుకుతూ చర్చిలోకి దిగారు. ఊరికే కూర్చుంటారా, మాకూ ఒక్కో వీరుడు కావాలన్నారు. మరి క్లిప్పులో? ఊళ్ళో ప్రతి పెరట్లో తాళ్ళకున్న క్లిప్పులన్నీ పీకించాను. వారంరోజులు ఈ ఊరు తడి లోదుస్తులతో తిరిగింది. మీ అమ్మనడుగు, మార్లిస్."

"మా అమ్మ పోయి పదకొండేళ్ళయింది."

"అందుకే ధైర్యంగా చెప్తున్నా. సరే, అట్టతెర చాల్లేదు. చర్చి స్తంభానికి ఒక తాడు కట్టి, మెట్లమీదుగా పైకి లాగి, బజారు దాటించి, నీళ్ళట్యాంకు దాకా కట్టాను. ఆ తాడుకి నాలుగొందల క్లిప్పులు."

"నలభై తొమ్మిదిమంది మనుషులకి నాలుగొందలా?" అన్నాడు కర్టిస్. ట్యాబ్ పక్కన పెట్టేశాడు. అది చూసి అర్విడ్ కుర్చీలో ఇంకాస్త ముందుకి జరిగాడు.

"జింకల్ని మర్చిపోయావబ్బాయ్. చలికి అవీ లోపలికొచ్చాయి. తాడుకి ఇటు మనుషులు, అటు జింకలు."

"జింకలు పాచికలెలా వేస్తాయి?"

"గిట్టతో తన్నేవి. అందుకే వాటికెప్పుడూ పెద్ద నంబర్లు పడేవి. చాలా అన్యాయం జరిగింది మాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదు. తెలీకుండా ఉండనివ్వవుగా," అంది మార్లిస్. కానీ ఆమె కూడా కిటికీని వదిలేసి ఇటు తిరిగింది.

"తాడు సరస్సు దాకా సాగింది. నేను సాగదీయలేదు, అదే సాగింది. గడ్డకట్టిన సరస్సు మీద గుడిసెలు వేసుకుని చేపలు పడుతున్నవాళ్ళున్నారు చూశారూ, వాళ్ళు తాడు అందుకున్నారు. మంచు కింద చేపలు వాళ్ళ గాలాల్ని అందుకున్నాయి. ఒక్కో చేప తన వంతు రాగానే రెండుసార్లు గుంజేది. షెరీఫ్ వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. మంచు ఎత్తే బళ్ళు మూడున్నాయి, ఏ రోడ్డు ముందు ఎత్తించాలో తెలీడం లేదు, ఇప్పుడెవరు, అర్విడ్? అన్నాడు. తాడు చూసి చెప్పాను. పాలు పితికే వరస చెప్పాను, పెళ్ళి ఆగిపోయిన రెండు జంటల్లో ముందెవరో చెప్పాను, పాస్టరు ప్రార్థన మధ్యలో ఆపి, దేవుడి వంతు అయ్యాక నాదేనా అని నన్నే అడిగాడు. ఎవరికీ ఎవరిమీదా కోపం లేదు. అందరికీ తమ వంతొస్తుందని తెలుసు. ఊరంతా ఒక్క తాడుమీద నడిచింది."

ఆ చివరి మాటల దగ్గర అర్విడ్ గొంతు కాస్త మెత్తబడింది. అలా ఒక ఊరుంటే తను అక్కడే ఉండిపోయేవాడు.

"మరి తుపాను?" అంది జోలీన్.

"మంచి ప్రశ్న. అన్నీ ఆడుతుంటే అది మాత్రం ఊరుకుంటుందా, తలుపు బద్దలుకొట్టుకుని వచ్చి పాచిక వేసింది. ఒకటి పడింది. అందరికంటే చివర. నేను మొహమాటపడలేదు, క్లిప్పుమీద తుపాను అని రాసి నీళ్ళట్యాంకు దగ్గర తగిలించాను. నీ వంతొచ్చేదాకా నోరుమూసుకుని నిలబడు అన్నాను. నాలుగొందలమంది ఆడేసరికి తొమ్మిదిరోజులు పట్టింది. పాపం దానికి ఓపిక అయిపోయింది. తీరా వంతొచ్చాక, అర్విడ్, నేను ఆగుతాను, మళ్ళీ దూకుతాలే అంది. నేనేం చేస్తాను, పద్ధతి పద్ధతే. క్లిప్పు తీసి ఈ స్వెటరుకే పెట్టుకున్నాను. అంతే, మంచు ఆగిపోయింది, లారీలు వెళ్ళిపోయాయి. అంత తుపాను మళ్ళీ ఈ ఊరికి రాలేదు. ఎందుకు రాలేదనుకుంటున్నారు? దాని వంతు ఇంకా నా దగ్గరే ఉంది. నేను తీసి తెరకి పెడితే తప్ప కదల్లేదు." అర్విడ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇన్నేళ్ళలో నేను ఒక్కరి వంతు పోగొట్టలేదు, మార్లిస్. తుపానుది కూడా."

ట్యాబ్ ఎప్పుడో నల్లబడి నిద్రపోయింది. గెలిచానని అర్విడ్‌కి అర్థమైంది.

"అయితే ఆ క్లిప్పు ఇంకా నీ స్వెటరుకే ఉండాలి," అంది జోలీన్.

"ఉండకేం." లేచి నిలబడి, దర్జీ దగ్గర కొలతలిస్తున్నట్టు చేతులు చాపి మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. తను కట్టిన కథని తనే నమ్మే దాకా వచ్చేశాడు.

జోలీన్ చేతులు రుమాలుకి తుడుచుకుంది. లేచి, అతని మెడవెనక కాలరు మడత కింద వేళ్ళు పెట్టింది. కిర్రుమంది.

క్లిప్పు బల్లమీద పెట్టి చదివింది. "తుపాను పేరు కూడా జోలీనేనని నాకు తెలీదు."

కర్టిస్ కాఫీ ముక్కులోకి పోయింది. మార్లిస్ నవ్వలేదు కానీ భుజాలు ఊగుతున్నాయి.

"పోయిన శనివారం నాలుగో చుట్టులో ఆగుతానన్నాను," అంది జోలీన్. "నీ ఛాతీమీద అప్పటికే రాక్షసులవి అయిదున్నాయి, అందుకని నాది వెనక్కి పెట్టావు. గంటన్నర ఆగాను. రాక్షసులు చచ్చారు, గుహ కూలింది, అందరూ కోట్లు వేసుకున్నారు. నేను ఇంటికెళ్ళి వారంపాటు ఆగాను."

"మరి చెప్పొద్దూ?"

"నేను ఎవరి మాటకీ అడ్డం పడను. నువ్వు మాట ఆపలేదు."

అర్విడ్ నోరు తెరిచాడు. నాలికమీదికి మూడు కథలొచ్చాయి, మూడూ ఈ క్లిప్పుకి సరిపోలేదు. "ఆ ఒక్కసారే," అన్నాడు.

"స్వెటరు తియ్యి," అంది మార్లిస్.

తీసిచ్చాడు. అది లేకపోతే అతను సగమే ఉన్నాడు. మార్లిస్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, గుమ్మం దగ్గర కాళ్ళపట్టా దులిపినట్టు దులిపింది. చీజ్ ముక్క ఒకటి పడింది. ఏదో బిల్లు పడింది. మూడోసారి దులిపేసరికి జేబు చిల్లులోంచి అస్తరులోకి జారి దాక్కున్నదేదో టక్కుమని నేలమీద పడింది. సిరా వెలిసిపోయిన క్లిప్పు.

మార్లిస్ వంగి తీసి, వెలుతురుకి పట్టి చూసింది. ఈసారి ఆమె భుజాలు ఊగలేదు. "ఫ్లాయిడ్," అంది. "వెళ్ళిపోయి రెండేళ్ళు."

"అసలు ఫ్లాయిడ్ ఎవరు?" అన్నాడు కర్టిస్.

"ఓపిక లేనివాడు," అంది జోలీన్.

అర్విడ్ క్లిప్పుల పెట్టె మూతపెట్టి, కర్టిస్ వైపు జరిపాడు. "ట్యాబే పెట్టండి. అది మాట్లాడదు." ఇంత చిన్న వాక్యం అతని నోట్లోంచి రావడం ఆ బల్ల ఎప్పుడూ వినలేదు. కర్టిస్ పెట్టె ముట్టుకోలేదు. గెలిచిన మొహం కూడా పెట్టలేదు.

మార్లిస్ జోలీన్ వైపు తిరిగింది. "నీ వంతు ఇంకా ఆగే ఉందిగా. వాడుకో."

జోలీన్ తన క్లిప్పుని అట్టతెర అంచుకి తగిలించింది. "క్లిప్పులు ఆయన దగ్గరే ఉండాలి. ట్యాబ్ పక్కన ఉండాలి, ఆయన లెక్క అది చూసుకుంటుంది, దాని లెక్క ఆయన చూసుకుంటాడు. ఆగినవాళ్ళ క్లిప్పులు అందరికీ కనబడేలా ఈ కాఫీడబ్బా అంచుకి. స్వెటరు మా ఇంటికి, వేడినీళ్ళలోకి."

"అదృష్టం పోతుంది, జోలీన్."

"ఇన్నాళ్ళూ ఎవరిది పోయిందో చూశాంగా."

"నాకిష్టమే," అన్నాడు కర్టిస్. "ట్యాబ్‌కి జింకల సంగతి తెలీదు."

మార్లిస్ కాఫీడబ్బా బల్ల మధ్యకి జరిపింది. ఫ్లాయిడ్ క్లిప్పు అర్విడ్ ముందు పెట్టింది. క్లిప్పుల పెట్టె మళ్ళీ అతని మోచేతి దగ్గరికి తోసింది.

"ఇప్పుడెవరు, అర్విడ్?"

అర్విడ్ ఆ వెలిసిన పేరుని బొటనవేలితో రుద్దాడు. తర్వాత ఫోను తీసి, ఇంకా మర్చిపోని నంబరు నొక్కాడు. అటువైపు బంతి దొర్లి పిన్నులు కూలిన చప్పుడు గదిలో అందరికీ వినబడింది.

"ఫ్లాయిడ్, నేను అర్విడ్‌ని. ఇదొక పెద్ద కథ," అని మొదలెట్టాడు. ముగ్గురూ అతన్నే చూస్తున్నారు. గొంతు సవరించుకున్నాడు. "కాదు, చిన్నదే. నీ క్లిప్పు నా స్వెటర్లో ఉండిపోయింది. తప్పు నాది. నీ వంతు."

అటువైపు ఇంకో బంతి దొర్లింది. ఆ తర్వాత ఫ్లాయిడ్ గొంతు, కాస్త చిరాగ్గా, రెండేళ్ళ కిందటి పోట్లాట ఇంకా మధ్యలోనే ఉన్నట్టు:

"ఆ పొడుగుకొమ్ముల వెధవ నా ఎదురుగానే ఉన్నాడా, లేక ఈలోగా ఎవరైనా చంపేశారా?"