ఇంజను లేని పడవ

మా ఆయన్ని నడిసముద్రంలో చిన్న పడవలో దింపి, ఓడ మళ్లీ ఆయన కోసం రాదేమోనన్నదే నా భయం.

పాపని ఊయలలో వేసి ఊపుతుంటే ముందుగదిలో మా అన్నయ్య ఆయన్ని ఆ పడవెక్కమని ఒప్పిస్తున్నాడు. ఇద్దరూ ఒకే పరిశోధన ఓడలో పనిచేస్తారు. అన్నయ్య నీళ్లలోకి మైకులు దించి తిమింగలాల అరుపులు వింటాడు. ఈయన ఇంజను చూసుకుంటాడు.

"ఓడ అంత దూరం పోవడమెందుకు బావా? ఇంజను ఆపితే చాలదా?" అన్నాడు ఈయన.

"ఆపినా జనరేటరు, పంపులూ మోగుతూనే ఉంటాయని నీకు తెలీదా బావా? ఓడ మోతలో మాకు ఇంతవరకూ ఒక్క తిమింగలమూ వినబడలేదు. అవి జడిసి నోరు మూసుకున్నాయో, అరుస్తున్నా మా చెవినే పడలేదో తేలాలి."

"అయితే నువ్వే పడవెక్కు."

"ఓడలో నేను, పడవలో నువ్వు ఒకేసారి విని పోల్చాలి."

"నాకేం వినడమొచ్చు?"

"మా చెల్లి సణుగుడు విన్నవాడివి, నీకిదో లెక్కా."

ఆయన నవ్వలేదు.

"నాకోసం ఓడ వెనక్కి తిప్పేదెవరు?"

"కెప్టెన్. నేను చెప్తాగా."

"మొన్న ఇంజను ఆపమని కూడా నువ్వే చెప్పావు. ఆపాడా?"

అన్నయ్య గొంతు తగ్గించాడు.

"ఇదంతా చెల్లికి చెప్పకు," అన్నాడు.

ఎల్లుండి బయలుదేరుతున్నారు. చేపల వేటకెళ్లేవాళ్లెవరైనా ఇది చదివితే, చిన్న పడవలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి ఒంటరిగా కనబడితే, దగ్గరికెళ్లి చూడండి. మీ ఇంజను చప్పుడుకి విసుక్కున్నా సరే, ఓడ వచ్చేదాకా ఆయన్ని వదిలి రాకండి.