నిఖిత బదులు నేను చదివిన పాఠాలు

రా హేమలతా, కూర్చో. మిద్దెమీద రూములో పిల్లోళ్లకు ఫోన్లో ట్యూషన్ చెప్తాండావంట కదా, మా కోడలు చెప్పింది. ఎంతమంది? పన్నెండు మందా, మంచిదే. ఒగటో తరగతి, రెండో తరగతి వాళ్లేనా? అయితే ఒగ మాట విను తల్లీ, ముసలోడు చెప్తాండాడని నవ్వొద్దు. ఫోన్లో పిల్లోడు గడగడా చదివితే నమ్మాకు. వాని కండ్లు యాడున్నాయో చూడు. ఇది నా మాట కాదులే, మా మనవరాలు నిఖితకు ఇంటికొచ్చి చెప్పిన కృపాకుమారి టీచరమ్మ మాట. నువ్వు చూసుండవు. నువ్వీ ఊరికొచ్చి ఏడాది కూడా కాలా, ఆయమ్మ పొయ్యి ఐదేండ్లాయ.

ఈ కళ్యాణదుర్గంలో ఆయమ్మ నడవని వీధి లేదు. మా వీధిలోనే నాలుగిండ్లకు ట్యూషన్ చెప్తాండె. గొడుగేసుకోని వస్తాండె, వానకు కాదమ్మా, మనకు వానెక్కడిది, ఎండకే. సంచిలో పలక, బలపాలు, ఇన్ని వేయించిన శెనక్కాయలు. పిల్ల చదువుతా చదువుతా ఒగ మాటకాడ ఆగిపోతే ఆయమ్మ చెప్పదు. కాయలు ఒలుచుకుంటా కూచుంటాది. ఒగ కాయ, రెండు కాయలు, అయిదు కాయలు. పిల్ల తలగోక్కుంటాది, నాకు ఈడ ఒళ్లు మండిపోతాది. ఒగనాడు అడిగేస్తి, "ఏమమ్మా, ఆ ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది" అని. "సార్, నేను చెప్తే ఆ మాట నాది. పాప కూడగట్టుకుంటే పాపది" అనె. నాకు తలకెక్కలా. అంగడోన్ని కదా, వచ్చినోడు నోరు తెరవకముందే సరుకు ముందర పెట్టే అలవాటు.

ఇంగ కరోనా వచ్చె, బడులు మూసిరి, ఆయమ్మ ఫోన్లో చెప్పబట్టె. నిఖిత రెండో తరగతి. ఫోను చక్కెర డబ్బాకు ఆనించి పెట్టి దానెదురుగా పిల్లను కూచోబెడ్తాంటిమి. ఈ పిల్ల మాట మాటకూ తడబడతాండె. నాకు భయమయ్యె హేమా. ఎందుకంటే నేనూ అట్లోన్నే. నాలుగో తరగతిలో పాఠం చదవలేక పోతే మా అయ్యవారు బెంచీ ఎక్కించి, "శెట్టి కొడుకు, తక్కెట్లో రాయి" అని పేరు పెట్టె. ఆ పేరు నాకు పెండ్లయినాంక కూడా పోలా. నా మనవరాల్ని కూడా ఎవరన్నా అట్లంటారేమో అని నా భయం. అందుకని ఏం చేసినా? పక్కింటి పిల్లోని పాత పుస్తకం ఒగటి అడిగి తెచ్చుకోని, ఫోను వెనకాల కుర్చీ యేసుకోని కూచున్నా. పిల్ల ఆగితే చాలు, గుసగుసా అందిస్తాంటి. అది నా పెదాలు చూసి చదువుతాండె. మొదట మాట, తరవాత వాక్యం, ఆఖరికి పాఠమంతా నేనే. టీచరమ్మ "వెరీగుడ్" అంటే పిల్లకంటే నాకే సంతోషం. రెండు నెల్లు నడిచె ఈ యవ్వారం. మా ఇంటామె సుమిత్ర, "ఏమండీ, మీరు మళ్లా బడికి పోతాండారా" అని ఎగతాళి కూడా చేసె. నేనింటానా.

ఒగనాడు టీచరమ్మ ముప్పై రెండో పేజీ చదవమనె. నేను ముప్పై రెండు తీసి అందిస్తి, కాకి, కుండ, నీళ్లు, అంతా. పిల్ల నా మూతిని చూసి రాగం తీసుకుంటా చదివేసె. ఆ వారమే బడోళ్లు కొత్త పుస్తకాలిచ్చినారని నాకేం తెలుసు? పిల్ల చేతిలో ఉండే పుస్తకంలో ముప్పై రెండో పేజీ గాలిపటం పాఠమంట. టీచరమ్మ మధ్యలో ఆపలా. కాకి నీళ్లు తాగి ఎగిరిపోయేదాకా విని, "బాగ చదివినావమ్మా. ఫోను మీ తాతకియ్యి" అనె. దొంగకు తేలు కుట్టినట్ల ఫోను తీసుకుంటి. "సార్, రెండు నెల్లుగా మీకు చెప్తాండా, మీరు పాసైనారు. రేపట్నుంచి పాపకు చెప్తా, ఫోనిచ్చి మిద్దెమీదికి పంపండి" అనె. మోకాళ్ల నొప్పులతో నేను మెట్లెక్కలేనని ఆయమ్మకు తెలుసు. నాకు తలకొట్టేసినట్లయ్యె. కానీ ఆయమ్మ మా కొడుక్కు చెప్పలా, కోడలికి చెప్పలా, వీధిలో ఎవరికీ చెప్పలా. ఆ మర్యాద నేను మరిచిపోలేను.

ఇప్పుడు నువ్వుండే రూము అప్పుడు కట్టలా, ఉత్త మిద్దే. సాయంత్రమైతే పిల్ల పైన, నేను కింద మెట్ల కాడ. "కొ... కొబ్..." అని కొట్టుకుంటాంటే నా నాలిక దురద. ఒగసారి తట్టుకోలేక కిందినుంచి "కొబ్బరిచెట్టూ" అని అరిచేస్తి. పైన్నించి టీచరమ్మ గొంతు, "సార్, మీకు మార్కులు యేసేసినా కదా" అని. నవ్వుతాండావా? నవ్వు, అప్పుడు నేనూ నవ్వితి.

మళ్లేడు ఎండల్లో ఆయమ్మకు జ్వరమంటిరి. అనంతపురం ఆస్పత్రికి తీసకపోయినారంటిరి. అయిదో నాడు వాళ్ల చర్చి వీధిలో ఉండే చెన్నప్ప అంగడికొచ్చి, అయిపోయిందని చెప్పె. చూసేదానిక్కూడా పోనీలేదు ఎవర్నీ. మా ఇంట్లో పిల్లకు ఎట్ల చెప్పల్లో ఎవరికీ తెలీలా. అదేమో దినామూ ఫోనెత్తుకోని మిద్దె ఎక్కుతానే ఉండాది. నాలుగు నాళ్లు చూసి, నేను చెప్తాలే అని మోకాళ్లు పట్టుకోని, ఒగో మెట్టు మింద కూచుంటా పైకెక్కినా. చూస్తే ఫోను గోడకు ఆనించి పెట్టుకోనుండాది. ఫోన్లో ఎవరూ లేరు. దాని ముందర కూచోని చదువుతాండాది. "టీచర్ ఫోన్ చేసేలోపల తప్పుల్లేకుండా రావల్ల తాతా" అనె. నేను చెప్పేదానికి పోయినోన్ని, దాని పక్కన కూచుంటి. "చదువు" అన్యా. చదివె, చదివె, కొత్త పాఠం, ఒగ ఒత్తు మాటకాడ ఆగె. తలెత్తి నా పక్క చూసె. ఆ మాట నా నోట్లోనే ఉండాది హేమా. నేను తల తిప్పుకోని రోడ్డుపక్క చూస్తా కూచుంటి. ఎంతసేపు కూచుంటినో. ఆఖరికి ఆ పిల్లే... కూడగట్టుకోని...

పో తల్లీ, నీ పిల్లోళ్లు ఫోను పట్టుకోని కాచుకోనుంటారు.