వెల్‌కోట్‌లో ఐదడుగుల సందు

హలో… ఆ, నేనే, నాన్నని… ఏం లేదు, ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడ ఫ్రిస్కోలో పొద్దున్న ఎనిమిది. అక్కడ మీ ఇంగ్లిష్ పల్లెలో రెండవుతుంది, లంచ్ అయిపోయుంటుందని చేశాను…

ఆ, దొరికింది. మొత్తం దొరికింది.

ఉండు, అరవకు… లాయరుకి ఇప్పుడే ఈమెయిల్ చేయకు, చరితా. ముందు విను. విన్నాక నీ ఇష్టం.

నువ్వడిగిందేంటి? నీ ఇంటికీ, పక్కింటి మిసెస్ టాలెట్ ఇంటికీ మధ్యనున్న సందులోంచి నడిచే హక్కు ఆవిడకి ఉందా, లేదా. అంతేగా… ఆ సందులోకి పెంచే కిచెన్ ఎక్స్‌టెన్షన్ సంగతి తర్వాత. సోమవారం బిల్డర్ వస్తే రానీ. విను.

మూడు నెలలు పట్టిందమ్మా. మీ కౌంటీ రికార్డాఫీసు వాళ్లు మంచివాళ్లు, అడిగినవన్నీ స్కాన్ చేసి పంపారు. అన్నీ ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాను… మీ అమ్మా? మూడు వారాలుగా నిలబడే తింటోంది… ఆ, ఇక్కడే ఉంది. వింటున్నావుగా, నళినీ?

ఇక్కడ మా ఇంటి చరిత్ర ఎంతనుకున్నావ్? ఒకటిన్నర పేజీ. 2003కి ముందు ఇక్కడ ఆవులు మేసేవి, అంతే. నీ ఇంటికి నలభై పేజీలొచ్చాయి.

సరే, సరే, పాయింటుకొస్తున్నా… 1841లో చర్చికి పన్ను వసూలు చేసుకోవడానికి వెల్‌కోట్ ఊరంతా కొలిచి మ్యాప్ వేశారు. పక్కనే రిజిస్టరు. నంబరు, భూమి ఎవరిది, అనుభవంలో ఎవరున్నారు, ఎంత విస్తీర్ణం… అచ్చం మన అడంగల్! చూడగానే ప్రాణం లేచొచ్చింది. నీ ఇల్లు నూట పన్నెండు. ఆవిడది నూట పదమూడు. రెండూ ఒకే జమీందారువి. మధ్యలో చుక్కల గీత ఉంది… చుక్కల గీతంటే నడిచే దోవ.

ఆ, అదొక్కటే అయితే చాలదు, నాకూ తెలుసు. 1919లో ఆ జమీందారు వారసులు ఇళ్లన్నీ విడివిడిగా అమ్మేశారు. నీ ఇంటి మొదటి డీడ్ దొరికింది. నాలుగో పేజీలో ఉంది, చదువుతాను. పక్క ఇంటివాళ్లు, వాళ్ల తర్వాత వచ్చేవాళ్లు, ఎల్లకాలం, పగలైనా రాత్రైనా, తోపుడుబండితో సహా, ఈ దోవన వెనక రోడ్డుకి వెళ్లొచ్చు…

లేదు, ఎవరూ రద్దు చేయలేదు. చూశాను. తొంభై రెండేళ్లలో ఎక్కడా చేయలేదు.

అవును… అవునమ్మా. నేల నీది. నడక ఆవిడది. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు.

…

నేనెవరి తరఫా? నువ్వు నా కూతురివి, అది వేరే విషయం. సర్వేయరుకి తరఫు ఉండదు…

ఎప్పుడూ లేదా అంటే…

ఒకసారి ఉంది.

…

లేదు, నీకెప్పుడూ చెప్పలేదు. అమెరికా రాకముందు, డెబ్భై నాలుగులో. ఊరి పేరెందుకులే. పాపయ్యని ఒక చిన్న రైతు. తన చేలోకి బండిదోవ పక్కనున్న పెద్ద రైతు పొలంలోంచి పోయేది. పాత పటంలో చుక్కలున్నాయి. కొత్త పటం నేను గీశాను. చుక్కలు పెట్టలేదు.

బెదిరించారా? ఎవరూ బెదిరించలేదు. పెద్ద రైతు ఇంట్లో భోజనం పెట్టారు. మర్యాదగా మాట్లాడారు. ఆయన నోరు తెరిచి అడగను కూడా లేదు. నేనే అర్థం చేసుకున్నాను.

పాపయ్యా? గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని మైలున్నర చుట్టూ తిరిగొచ్చేవాడు. నేను కూర్చునే గది ముందు నుంచే. ఒక చేత్తో మోపు పట్టుకుని, రెండో చేత్తో నాకు నమస్కారం పెట్టేవాడు.

తర్వాత ఏం చేశానా… వీసా వచ్చింది. వచ్చేశాను.

…

హలో? ఉన్నావా?

అమ్మకా? తెలీదు. ఇప్పుడే విన్నది… మ్యాప్ మడుస్తోంది.

నిన్నేం అనట్లేదమ్మా. కొన్నప్పుడు నీకెవరూ చెప్పలేదు. ఏప్రిల్‌లో ఆ సందు మూసేస్తూ కంచె వేయించావు, నీకు తెలిసినదాన్ని బట్టి వేయించావు. కానీ మేలో మేమొచ్చినప్పుడు చూశాను కదా, డెబ్భై తొమ్మిదేళ్లావిడ, సంచీ పట్టుకుని, లారీలొచ్చే మెయిన్ రోడ్డు మీదుగా బస్టాపుకి వెళ్లడం. నాకు నమస్కారమైతే పెట్టలేదు. గుడ్ మార్నింగ్ అంది.

ఆ రోజు నుంచి వెతుకుతున్నాను. నువ్వు గెలవాలనే వెతికాను, ఒట్టు. దొరికింది ఇది.

…

లాయరుకి నేను చెప్పనమ్మా. కాగితాలు నీకే పంపుతాను. చింపేస్తే నీ చేతుల్లో పని.

…

వెడల్పా? ఎందుకు?… డీడ్‌లో ఎనిమిది లింకులని ఉంది. కొలిచే గొలుసులో కడియాలన్నమాట. ఐదడుగుల మూడంగుళాలు… ఇప్పుడేనా? వాన లేదా అక్కడ?… సరే సరే.

టేపు దొరికిందా?… ఫోన్ స్పీకర్‌లో పెట్టి కిటికీ గట్టు మీద పెట్టు. నీ ఇంటి గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టు. పూలకుండీ నుంచి కాదు, గోడ నుంచి… జారిపోతోందా? ఒక్కదానివే పడితే అంతే. రెండో చివర ఇంకొకరుండాలి. మా అల్లుడు అర్జున్ లేడా?… ఆఫీసులోనా. సరే.

ఎవరిదా గొంతు?… కంచె అవతల నుంచా?… ఏమంటోంది?… ఏం కొలుస్తున్నావనా.

చెప్పు మరి… నన్నడుగుతావేం, నీ పక్కిల్లు.

…

…

వినపడిందిలే… బాగానే చెప్పావు.

చరితా, టేపు చివర ఆవిడకందించు. ఆ, కంచె మీద నుంచే… వంగొద్దను, పాపం. అక్కడే పట్టుకుంటే చాలు. బిగించి లాగు… ఎంతొచ్చింది?… ఐదూ మూడు. పావంగుళం తక్కువా? 1919 వాళ్లు బాగానే కొలిచారు. రాసుకో.

…

హలో?… చరితా?…

ఫోన్ గట్టు మీదే వదిలేసినట్టుంది, నళినీ. కంచె పీకుతున్న చప్పుడు… గొడవేం లేదు, ఇద్దరూ నవ్వుతున్నారు. ఉండు, కట్ చేస్తాను.