గాలి గొట్టం

డాక్టరు గదిలోంచి బయటికి రాగానే అతను ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే కార్ఖానాలో అతని పని. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

“నా రక్తంలో సీసమా? అందుకేనా మనకి పిల్లలు పుట్టట్లేదు?”

“ఇన్నేళ్ళూ మాత్రలు మింగింది నేను. మీ అమ్మ సూటిపోటి మాటలు పడిందీ నేనే.”

“నాకేం తెలుసే! ఒంటిమీద దుమ్ముతో ఒక్కరోజైనా ఇంటికొచ్చానా?”

“ఆ దులుపుకోవడమే కొంప ముంచిందట. డాక్టరమ్మ చెప్పింది విన్లేదూ?”

“డ్యూటీ దిగేముందు గాలి గొట్టంతో ఒకళ్ళమీద ఒకళ్ళం గాలి కొట్టుకుంటాం. బట్టలు శుభ్రమైపోతాయి.”

“బట్టల మీది సీసమంతా పైకి లేస్తే, పీల్చింది మీరే. అదే వీర్యాన్ని దెబ్బతీసిందట.”

“ఇంతకాలం ఒక్కడూ చెప్పలేదే!”

“ఆ పని మానేసి మందులు వాడితే బాగుపడొచ్చందిగా.”

అతని ముఖం కాస్త తేటపడింది. అంతలోనే ఆమె అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏవండీ, మా తమ్ముడు! మొన్న పెళ్ళవగానే వాణ్ణి అక్కడ చేర్పించింది మీరేగా. వాడికి గాలి కొట్టేదెవరు?”

అతను తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు.

“నేనే. మొహం మీద కూడా కొట్టు బావా అంటాడు, చల్లగా ఉంటుందని.”